ఏకశిల అరికాలు

వినోద నోటికి తాళం వేయగల మొనగాడు నల్లమడుగు క్యాంపులో ఇంకా పుట్టలేదని ఆమె మొగుడు సాయిలు అంటుండేవాడు. ఆయన మురిపెంగానే అనేవాడు, ఆమె మురిపెంగానే వినేది. కానీ ఆ రోజు పరీక్షా మైదానంలో ఆ నోరు ఒక్క నిమిషం మూసుకుని ఉంటే ఎంత బాగుండేదో అని తర్వాత ఆమె కుమిలిపోయిన రోజులు చాలా ఉన్నాయి.

ఆమె లేబొరేటరీ క్యాంటీన్ నడుపుతుంది. ఉదయం పదకొండు గంటలకు ఒక చేత్తో టీ ఫ్లాస్కు, ఇంకో చేత్తో కప్పుల బుట్ట పట్టుకుని మైదానం గట్టు ఎక్కేసరికి, అరవై టన్నుల ఏకశిల బురదలో ఎదురుగా వస్తోంది. మొదటి బోల్టు నుంచి చివరి బోల్టు దాకా మన దేశం తన చేతులతో తయారు చేసుకున్న యుద్ధ ట్యాంకు అది. క్యాంపులో మాత్రం ఎవరూ ట్యాంకు అనరు, బండి అంటారు. బండి దారికి అడ్డంగా సైనికుడి బట్టలు తొడిగిన గడ్డిబొమ్మ ఒకటి పడుకోబెట్టి ఉంది. ఒంటి వెచ్చదనం కోసం దాని లోపల వేడినీళ్ళ సంచులు కుట్టారు.

బండి ట్రాకు అంచు ఆ బొమ్మ కాలికి అలా తగిలిందో లేదో, ఠక్కున ఆగింది. జానెడు వెనక్కి జరిగింది. తర్వాత దాని ముందు భాగం మెల్లగా కిందికి దిగి, ముక్కు బురదకు ఆనేంతగా వంగి, మళ్ళీ మెల్లగా పైకి లేచింది.

"పొద్దున్నుంచి ఇది మూడోసారి," అన్నాడు ఒక ఇంజనీరు నీరసంగా.

"సస్పెన్షన్‌లో ఆయిల్ ఒత్తిడి పడిపోతోంది," అన్నాడు ఇంకొకడు. "కాదు, ప్రోగ్రాములోనే తప్పుంది," అన్నాడు మూడోవాడు. ఢిల్లీ నుంచి వచ్చిన బ్రిగేడియర్ గారు మాత్రం గడియారం చూసుకుంటున్నారు.

వినోద కప్పుల బుట్ట కింద పెట్టి ఫక్కున నవ్వేసింది.

"ఆయిల్ లేదు, గీయిల్ లేదు సారూ! అది దండం పెడుతున్నది. అచ్చం మా ఆయన లెక్కనే. కాలు తగిలితే మా ఆయన గిట్లనే వెనక్కి జరిగి, వంగి, కండ్లకద్దుకుంటడు."

ప్రాజెక్టు పెద్ద డాక్టర్ నీరజ చేతిలోని కాగితాలు పక్కనున్నవాళ్ళకిచ్చి, వినోద దగ్గరికి వచ్చింది. ఆమె ముఖం పాలిపోయి ఉంది.

"వినోదక్కా, ఇప్పుడేమన్నారు? ఇంకొక్కసారి చెప్పండి."

అప్పుడే వినోద గుండెలో రాయి పడింది. కానీ మాట పెదవి దాటాక చేసేదేముంది?

ఏకశిలకు సాయిలుకు ఉన్న సంబంధం క్యాంపులో అందరికీ తెలిసిందే. పడమటి సరిహద్దులో మైళ్ళకొద్దీ ఉప్పు బురద ఉంది. పైకి ఎండి నెర్రెలిచ్చి గట్టిగా కనబడుతుంది, లోపల పాయసంలా ఉంటుంది. ఎంత మంచి ఇంజను పెట్టినా, ఎంత మందపు ఉక్కు తొడిగినా బండి అక్కడ పొట్టదాకా దిగబడిపోయేది. ఎక్కడ బరువు ఆనుతుందో, ఎక్కడ ఆనదో ఏ యంత్రమూ ముందుగా చెప్పలేకపోయింది. కానీ టెస్ట్ డ్రైవరు సాయిలు చెప్పులు విప్పి బండి ముందు నాలుగడుగులు నడిచి, "ఇటుకెల్లి పోవచ్చు సార్, అటు పోతే మునుగుతది," అనేవాడు. ఆ మాట ఏనాడూ తప్పిపోలేదు. ఆయనది చెరువు శిఖం భూమి చేసుకున్న కుటుంబం. నీళ్ళు వెనక్కి తీస్తున్న కొద్దీ వెనకాలే నాట్లు వేసుకుంటూ పోయినవాళ్ళు. బురదతో ఆయనకు ఆరేళ్ళ వయసు నుంచి చుట్టరికం.

డాక్టర్ నీరజ ఆ అరికాలినే బండికి తొడగాలనుకుంది. ఏడాది పాటు సాయిలు కుడికాలికి పట్టీలు కట్టి, ఆయన వేసే ప్రతి అడుగునూ రికార్డు చేశారు. మడిలో నడిపించారు, ఇసుకలో నడిపించారు, జాతరలో జనం మధ్య నడిపించారు. ఆ తర్వాత కుడి అరికాలి లోంచి సన్నటి నరాల పోగులు తీసి, గాజు పాత్రల్లో పెంచి, ఏడాది నడకనంతా వాటికి నేర్పి, పల్చటి పొరగా ట్రాకుల కింద పరిచారు. పదకొండు మంది పోగులు ప్రయత్నిస్తే గాజులో బతికి బట్టకట్టినవి సాయిలువి మాత్రమే. ఆ పొరకు క్యాంపు వాళ్ళు పెట్టుకున్న పేరే అరికాలు. నేల మెత్తదనం, వెచ్చదనం, జారుడు అన్నీ దానికి తెలుస్తాయి. తెలిసిన మరుక్షణం బండి తనంతట తానే బరువు సర్దుకుంటుంది.

అందుకు బదులుగా సాయిలు కుడికాలికి స్పర్శ పోయింది. రోజూ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వినోద ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని, ముల్లు దిగిందా, గాజుపెంకు గుచ్చుకుందా అని టార్చిలైటు వేసి వెతికేది. "నీ కాలు గాదే, సర్కారు కాలు. పైలంగ చూడు," అని ఆయన వేళాకోళం చేసేవాడు. ఆమెకు నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది.

ఆ ఏడు వేసవిలో యుద్ధం వచ్చింది. పంతొమ్మిది రోజులు జరిగింది. ఎవరూ దాటలేరనుకున్న ఉప్పు బురదను ఏకశిల బండ్లు ఒక్క పూటలో దాటేశాయి. క్యాంపులో మిఠాయిలు పంచుకున్నారు. కానీ నలభై బండ్లలో ఒకటి మాత్రం పోరు మధ్యలో ఉన్నట్టుండి ఆగి, ముక్కు వంచింది. ఆగిన బండి మీద శత్రువు గుండు పడింది. లోపలున్న కెప్టెన్ కులదీప్ అక్కడికక్కడే పోయాడు. శిక్షణకు వచ్చినప్పుడు వినోద చేసిన సర్వపిండి తిని, "ఇంకొకటి, అమ్మా," అని వచ్చీరాని తెలుగులో అడిగిన ఇరవయ్యారేళ్ళ పిల్లవాడు. బండి ఎందుకాగిందో కనిపెట్టడానికే ఈ గడ్డిబొమ్మలూ పరీక్షలూ.

వినోద మాటతో లేబొరేటరీ వాళ్ళు పాత రికార్డులన్నీ తిరగేశారు. జాతరలో చెరువు గర్భంలో జనం ఎక్కడపడితే అక్కడ పడుకుని ఉంటే, సాయిలు కాలు నలభై ఆరుసార్లు మనుషులకు తగిలింది. నలభై ఆరుసార్లూ ఆయన అడుగు వెనక్కి తీసుకుని, వంగి, వాళ్ళను తాకి కళ్ళకద్దుకున్నాడు. ఆ రికార్డులను వడబోసిన ఇరవై ముగ్గురు ఇంజనీర్లు రాయి తగిలి తూలినవి ఏరేశారు, ముల్లు గుచ్చుకుని ఎగిరినవి ఏరేశారు. మనిషికి కాలు తగిలితే వంగడం మాత్రం ఒక్కరికీ తప్పుగా కనబడలేదు. వాళ్ళు పుట్టినప్పటినుంచి చేస్తున్నదే కదా, అదీ నడకలో భాగమే అనుకున్నారు.

వారం తర్వాత డాక్టర్ నీరజ సాయిలు వాళ్ళ క్వార్టరుకు వచ్చింది. కుర్చీలో కూర్చోకుండా చాప మీదే కూర్చుంది. ఆమె చెప్పిన కబురు చిన్నదే. ఆరు నెలల్లో ఈ దండం తీసేయాలి. లేకపోతే అరికాళ్ళన్నీ ఊడబెరికి, మామూలు ఇనుప ట్రాకులతోనే పంపుతారు. అలా వెళ్తే బురదలో మునిగి బండికి నలుగురు చొప్పున పోతారు.

"గాజులో ఉన్నదానికి నేర్పింది మాన్పించలేం సాయిలుగారూ. బతికున్న కాలికే మాన్పించాలి. మాన్పించాక మళ్ళీ దాన్నుంచే పోగులు తీసుకోవాలి." ఆమె తల వంచుకుంది. "మీకు ఎడమకాలు ఒక్కటే ఉంది."

సాయిలు జవాబిచ్చేలోపే వినోద లేచి నిలబడింది.

"ఒకటిచ్చినం మేడం. ఇగ ఇయ్యం. ఆయన బండెక్కాలన్నా, గీ ఇంట్ల గడప దాటాలన్నా ఉన్నది గదొక్కటే. మీకు దండం పెడ్త, వేరేటోళ్ళను చూసుకోండ్రి."

"వినోదా," అన్నాడు సాయిలు.

"నువ్వు ఊకో. నా నోటి తీట వల్లనే ఇదంత అయింది. నాకెందుకు చెప్పవుద్దయ్యింది ఆ మాట? ఆయిల్ కారుతుందంటే కారనియ్యకపోతినా!" అని ఆమె భోరుమని ఏడ్చేసింది. నీరజ ఆమెను దగ్గరకు తీసుకుంది. ఇద్దరూ అలా ఏడుస్తుంటే సాయిలు ఏం చేయాలో తోచక పొయ్యి మీద తానే టీ పెట్టాడు. అందులో చక్కెర వేయడం మర్చిపోయాడు.

ఆ నెలాఖరులో గోవర్ధన్ వచ్చాడు. కెప్టెన్ పోయిన బండిని నడిపింది అతనే. సిరిసిల్ల దిక్కు పిల్లవాడు, సాయిలు దగ్గరే పని నేర్చుకున్నాడు. కాలిన చేతులకు మోచేతుల దాకా కట్లు. వినోద అన్నం కలిపి ముద్దలు చేసి నోట్లో పెట్టింది. మొదట మొహమాటపడ్డా, నాలుగు ముద్దల తర్వాత కుదురుకున్నాడు.

"ఆడ బండి ముంగట పండుకున్నదెవలు బిడ్డా?" అని అడిగింది వినోద. ఇన్నాళ్ళూ ఆమెను తొలిచేస్తున్న ప్రశ్న అది.

"మన జవాను పిలగాడే అత్తమ్మా. తొడకు దెబ్బ తాకి, పొగల ఎవలకు గనవడకుంట పడున్నడు. నాక్కూడ గనవడలే, బండికి తెలిసింది. వాడు బతికిండు. మొన్న బిడ్డ పుట్టిందని ఫోన్ జేసిండు."

వినోద ఇంకో ముద్ద కలిపి అతని నోట్లో పెట్టింది.

"కెప్టెన్ సాబ్ ఉంటే బాగుండు," అన్నాడు గోవర్ధన్. "రోజు యాదికొస్తడు. కని నేను బండిని తిట్టలేను మామా. ఆగినందుకు నాకు కోపం లేదు. ఆగి, వంగి, మళ్ళ లేచేదానికి నాలుగు సెకండ్లు వట్టింది. గా నాలుగు సెకండ్లల్లనే అంత అయిపోయింది."

సాయిలు గోడకానుకుని చాలాసేపు తన ఎడమకాలినే చూస్తూ కూర్చున్నాడు. మర్నాడు పొద్దున తానే నీరజ ఆఫీసుకు వెళ్ళాడు. వినోద వెంటపడి వెళ్ళింది, ఆపడానికే.

"మేడం, తొక్కుడు మాత్రం నేను నేర్ప. నాతోని గాదు," అన్నాడు సాయిలు. "తప్పుకునుడు నేర్పుత. కాలు తగిలిందంటే ఆగొద్దు, వంగొద్దు, పక్కకు జరిగి ముంగటికి పోవాలె. పండుకున్నోడు బతకాలె, లోపటోళ్ళు బతకాలె. గట్లయితే ఎడమకాలు తీసుకోండ్రి."

ఆపడానికి వచ్చిన వినోద కళ్ళముందు ఒకపక్క సర్వపిండి అడిగిన కులదీప్ ముఖం, ఇంకోపక్క ఎన్నడూ చూడని ఆ పసిబిడ్డ ముఖం. ఈ మనిషిని కాదనడానికి ఆమెకు మనసొప్పలేదు.

శిక్షణ మొదలైంది. మైదానం పక్కన మోకాలి లోతు బురద గుంట తవ్వించి, గడ్డిబొమ్మలు పడుకోబెట్టారు. కాలికి పట్టీలతో సాయిలు వేగంగా నడవాలి. మొదటి వారమంతా తగిలిన ప్రతిసారీ ఆయన నడుము దానంతటదే వంగింది. యాభై రెండేళ్ళ అలవాటు ఒక్కనాడు పోతుందా? రెండో వారానికి వంగడం తగ్గింది. మూడో వారం గ్రాఫులు చూసి ఇంజనీర్లు చప్పట్లు కొట్టారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం వినోద వంటింటి గడప దగ్గర కొంగు పరుచుకుని కాస్త నడుం వాల్చింది. మంచినీళ్ళ కోసం వచ్చిన సాయిలు ఎడమకాలు ఆమె చేతి మీద పడింది. పడింది, నొక్కింది, దాటిపోయింది. ఆయన కుండలో నీళ్ళు ముంచుకుని తాగాడు. అప్పుడు వెనక్కి తిరిగి, చెయ్యి పట్టుకుని లేచి కూర్చున్న పెండ్లాన్ని చూశాడు.

"నిన్ను తొక్కిన్నా?"

"ఏం గాలె తియ్యి."

"తొక్కిన. తెలిసి గూడ ఆగలె." చెంబు కింద పెట్టి ఆయన అక్కడే కూలబడ్డాడు. "కాలుకు తొక్కుడు మప్పింది వినోదా. గడ్డి అని దానికి ఎరుకైంది. గడ్డిని తొక్కి తొక్కి, మనిషిని గూడ గడ్డే అనుకుంటున్నది."

పెళ్ళైన ముప్పై ఏళ్ళలో ఆయన ఏడవడం ఆమె చూడలేదు. ఆ రోజు చూసింది. ఆమె ఏడవలేదు. వాచిన వేళ్ళకు పసుపు రాసుకుంటూ ఆలోచించింది.

మర్నాడు పొద్దున కొంగు నడుముకు చుట్టి, బురదగుంటలోకి దిగి, గడ్డిబొమ్మను అవతలికి విసిరేసి దాని చోట తాను పడుకుంది.

"వినోదక్కా! ఏంటిది? లేవండి!" అని నీరజ గట్టు మీద నుంచి అరిచింది.

"గడ్డితోని గడ్డి బుద్ధే వస్తది మేడం. మనిషి తోని మనిషి బుద్ధి వస్తది. నడువుమనండ్రి ఆయనను." మొగుడి వైపు తిరిగింది. "ఇగో, నన్ను తొక్కినవా, ఈ పూట అన్నం బంద్!"

క్యాంటీన్‌లో పనిచేసే ముగ్గురు ఆడవాళ్ళు ముందు నవ్వారు, తర్వాత చీరలు ఎగజెక్కి వాళ్ళూ దిగారు. కాసేపు తటపటాయించి డాక్టర్ నీరజ కూడా చెప్పులు విప్పింది. ఆ దృశ్యం చూసి కాపలా జవాన్లు ముఖాలు పక్కకు తిప్పుకుని నవ్వుకున్నారు. బురదలో వరుసగా పడుకున్న ఐదుగురు ఆడవాళ్ళ మధ్య నుంచి సాయిలు కళ్ళకు గంతలు కట్టుకుని నడిచాడు. ఇప్పుడు కాలు తగిలితే తొక్కడం లేదు. చటుక్కున వెనక్కి వస్తోంది. నడుము వంగబోతోంది.

"వంగకు! పో, పో! పక్కకు జరిగి పో!" అని వినోద బురదలోంచి గదమాయించేది. ఆయన వంగబోయిన ప్రతిసారీ ఆమే తిట్టింది. అలా నాలుగు నెలలు తిట్టింది. జీవితమంతా ఆయనలో తనకు ఎక్కువ నచ్చిన గుణం ఏదంటే అదే. దాన్ని తన నోటితోనే మాన్పిస్తున్నానని ఆమెకు తెలుసు. ఇంటికి వచ్చి స్నానాల గదిలో బురద కడుక్కుంటూ, నీళ్ళ చప్పుడులో ఏడ్చేది.

ఐదో నెలలో సాయిలు కాలు, మనిషి తగిలాడంటే చాలు, ఆగకుండా, వంగకుండా, నీటిలో పాములా పక్కకు తప్పుకుని ముందుకు పోవడం నేర్చింది. ఆపరేషను రోజు ఆసుపత్రికి బయల్దేరే ముందు ఆయన చెప్పులు లేకుండా వాకిట్లో నిలబడ్డాడు. నీళ్ళు చల్లిన మట్టి మీద ఎడమకాలు మోపి, వేళ్ళు కదిలిస్తూ చాలాసేపు ఉన్నాడు. వినోద తొందరపెట్టలేదు. జీపు డ్రైవరు హారన్ కొట్టబోతే ఆమె చేతితో వారించింది.

చలికాలం చివర సరిహద్దులో మళ్ళీ ఐదు రోజుల పోరు జరిగింది. ఈసారి ఊళ్ళు ఖాళీ చేసి పారిపోతున్న జనం కూడా బురదలో చిక్కుకున్నారు, చాలామంది పడిపోయి ఉన్నారు. ఎడమకాలి పోగులతో కొత్త అరికాళ్ళు తొడిగిన ఏకశిల బండ్లు వాళ్ళ మధ్య నుంచే వెళ్ళాయి. గోవర్ధన్ ఫోన్ చేసి, "ఆగలేదు మామా, తొక్కలేదు. ఎవల కాలు మీద చక్రం పెట్టలె," అన్నాడు. అంతకంటే మాట్లాడలేకపోయాడు. ఇవతల సాయిలు కూడా ఊ కొట్టలేకపోయాడు. ఫోను వినోద తీసుకుని, ఇద్దరి తరఫునా తానే మాట్లాడింది.

ఆపరేషను తర్వాత సాయిలు మళ్ళీ నడక నేర్చుకున్నాడు. కింద నేల ఉందో లేదో కాలు చెప్పదు, కన్నే చెప్పాలి. ఇంట్లో సరే. బయట మాత్రం అడుగడుగూ చూసుకుంటూ, చేతికర్ర పొడుచుకుంటూ పోయేవాడు. రెండు నెలలకు కాస్త ధైర్యం వచ్చి, గురువారం అంగడికి తానూ వస్తానన్నాడు.

అంగడిలో ఇసుక వేస్తే రాలనంత జనం. తల దించి చూసుకుందామంటే ఎదుటివాళ్ళు వచ్చి గుద్దుకుంటున్నారు, తల ఎత్తి నడుద్దామంటే నేల కనబడదు. కొంతదూరం పోయాక ఆయనకు చిరాకేసింది. వినోద పక్కన ఉండకుండా మాటిమాటికీ వెనకబడిపోతోంది.

"ఎన్కబడి ఏం జేస్తున్నవే? కూరగాయలు ఈడున్నయ్ గద!"

"వస్తున్న, నువ్వు నడువు."

గాజుల కొట్టు దగ్గర ఎవరో సైకిలు అడ్డం పెడితే ఆయన ఆగి, ఉన్నట్టుండి వెనక్కి తిరిగాడు. వినోద నాలుగు బారల వెనక, నేల మీద కూర్చుని చింతపండు అమ్ముతున్న ఒక ముసలామె ముందు వంగి ఉంది. ఆ ముసలామె చాచుకున్న పాదం మీద ఎర్రగా చెప్పు అచ్చు పడింది. వినోద ఆ పాదాన్ని తాకి, చేతిని కళ్ళకద్దుకుని లేచింది.

సాయిలు తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. మళ్ళీ ఆమె వైపు చూశాడు.

"నేనేనా?"

ఆమె కొంగుతో ఆయన నుదుటి చెమట తుడిచింది.

"ఎందరిని?"

"ముగ్గురిని. ఎవ్వలు ఏమనుకోలేదు," అంది వినోద. "నువ్వు ముంగట నడువు. ఎన్క నేనున్న."